కంపెనీ చేతులు మారాక పాత స్టాఫ్‌తో కొత్త పద్ధతులు: ఏరియా మేనేజర్ ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు పదేళ్లుగా పనిచేస్తున్న సూపర్‌మార్కెట్ చైన్‌ను బయటి రాష్ట్రం కంపెనీ ఒకటి కొనేసింది. మీకు ప్రమోషన్ ఇచ్చి విజయవాడ, గుంటూరు, ఏలూరు వైపు 11 స్టోర్లు అప్పజెప్పారు. ఆరు నెలల్లో 'కల్చర్' మారాలని హెడ్ ఆఫీసు అంటోంది. స్టాఫ్ మీ ముందు 'సరే సార్' అంటారు, మీ కారు మలుపు తిరగ్గానే మళ్లీ పాత పద్ధతే. గట్టిగా ఉండాలా, మనుషుల్ని మార్చాలా, ఇంకా ట్రైనింగులు పెట్టాలా అని అడిగారు. ఆఫీసు గదిలో ఉన్న పాత యజమాని ఫొటో సంగతి కూడా అడిగారు. దానికి చివర్లో జవాబిస్తాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. మొదటి మూడు నెలలు ఎవర్నీ మార్చకండి, కొత్త ట్రైనింగ్ ఏదీ పెట్టకండి. స్టోర్లోకి అడుగుపెట్టగానే మీరు అడిగే మొదటి ప్రశ్న మార్చండి. ఏరియా మేనేజర్ రాగానే 'ఈరోజు సేల్ ఎంత?' అని అడిగితే, ఆ స్టోర్లో సేల్ తప్ప మిగతాదంతా దాచుకోవచ్చని అందరికీ అర్థమైపోతుంది. గోడ మీద ఎన్ని విలువలు రాసి అతికించినా వాళ్లు చదివేది మీ ముఖాన్నే.

నేను 1998లో హైదరాబాద్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో సెక్షన్ బాయ్‌గా చేరాను. పప్పుల ర్యాకు నాది. తర్వాత క్యాషియర్, స్టోర్ మేనేజర్, ఏరియా మేనేజర్ అయి, చివరి ఆరేళ్లు రెండు రాష్ట్రాల ఆపరేషన్స్ చూశాను. ఈ మధ్యలో నేనున్న కంపెనీ రెండుసార్లు చేతులు మారింది. మన దగ్గర ఇది కొత్త కాదు. త్రినేత్ర సూపర్‌మార్కెట్లను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొని 'మోర్' చేసింది. 2016లో హెరిటేజ్ ఫ్రెష్ స్టోర్లు 124 ఫ్యూచర్ గ్రూపుకు వెళ్లాయి. అలా మారిన ప్రతిచోటా బోర్డు ఒక్క రాత్రిలో మారుతుంది. లోపలి పని మారడానికి రెండేళ్లు పడుతుంది. మీకిచ్చింది ఆరు నెలలు కాబట్టి టెన్షన్ సహజమే.

మొదటి ప్రశ్న మీద అంత నమ్మకం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను.

కూకట్‌పల్లి వైపు ఒక స్టోర్ కొత్తగా నా కిందికి వచ్చింది. కాగితం మీద ఆ స్టోర్ బంగారం. డంప్, అంటే డేటు దాటి, పాడై పారేసే సరుకు, ఏరియా మొత్తంలో అక్కడే తక్కువ. ప్రతి నెల మీటింగులో ఆ మేనేజర్‌కు చప్పట్లు. ఒకరోజు పాల క్రేట్లు దిగే వేళకు, ఉదయం ఆరున్నరకే వెళ్లాను. గోడౌన్లో వాటర్ బాటిళ్ల కేసుల వెనక, గోడకూ ర్యాకుకూ మధ్య సందులో నాలుగు అట్టపెట్టెలు కనిపించాయి. పురికొసతో బిగించి కట్టి ఉన్నాయి. పైన బిస్కెట్ కంపెనీ పేరుంది, కదిపితే సీసాల చప్పుడు. విప్పితే పిల్లలకు పాలలో కలిపే పొడి డబ్బాలు, ఓట్స్, చీజ్ స్ప్రెడ్. అన్నీ డేటు దాటినవే, కొన్నయితే ఐదు నెలల కిందటివి. ఒక పెట్టె మీద నీలం పెన్నుతో 'రెండో శనివారం' అని రాసి ఉంది.

అప్పుడు ఇన్‌వార్డ్, అంటే స్టోర్‌కు వచ్చే సరుకు దింపుకునే పని, చూస్తున్న కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో, భయపడుతూనే చెప్పాడు. రెండో శనివారం రాత్రి క్లోజింగ్ అయ్యాక కొంచెం కొంచెంగా చెత్తలో కలిపేస్తారట. స్టాక్ లెక్కింపు రోజున మాత్రం ఆ పెట్టెలన్నీ మంచి సరుకుగా లెక్కలోకి వచ్చేస్తాయి. ఎందుకిలా అంటే, "చూపిస్తే మా ఇన్సెంటివ్ కట్ అవుతుంది సార్, చూపించకపోతే అందరూ బాగుంటారు" అన్నాడు. డంప్ ఒక హద్దు దాటితే ఆ సెక్షన్ వాళ్ల ఇన్సెంటివ్‌లో కోయాలన్న రూలు అంతకు రెండేళ్ల ముందు మా మీటింగులోనే పెట్టాం. ఆరోజు చేతులెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ వారమే నా కింద ఉన్న అన్ని స్టోర్లకూ ఒక మాట పంపాను. పదిహేను రోజుల్లో ఎక్కడ ఏం దాచి ఉన్నా బయట పెట్టండి, ఒక్క రూపాయి ఎవరి జీతంలోనూ పోదు, ఎవర్నీ ఎప్పటి నుంచి అని అడగను. మొదటి నాలుగు రోజులు ఏమీ రాలేదు. ఐదో రోజు ఒక స్టోర్ నుంచి రెండు పెట్టెలు వచ్చాయి. ఆ మేనేజర్‌కు ఏం జరుగుతుందో చూడాలని మిగతా వాళ్లంతా ఆగారు. ఏమీ జరగలేదు, పైగా అందరి ముందు ఆయనకు థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత వరదలా వచ్చింది. ఆ నెల నా ఏరియా డంప్ రెట్టింపు దాటింది. పైనుంచి నాకు గట్టిగానే పడ్డాయి. రాతపూర్వకంగా వివరణ ఇచ్చుకున్నాను, ఆ క్వార్టర్ నా ఇన్సెంటివ్ పోయింది.

అప్పటి నుంచి ఏ స్టోర్‌కు వెళ్లినా నా మొదటి ప్రశ్న ఒక్కటే: "నిన్న ఏం పారేశారు? ఎందుకు మిగిలింది?" తిట్టడానికి కాదని నమ్మడానికి వాళ్లకు రెండు నెలలు పట్టింది. మూడో నెల నుంచి వాళ్లే నాకంటే ముందు చెప్పడం మొదలుపెట్టారు. ఫలానా కంపెనీ డిస్ట్రిబ్యూటర్ డేటు దగ్గరపడ్డ సరుకే దింపుతున్నాడని, ఫలానా సైజు ప్యాకెట్ మన వీధిలో కదలదని. ఆరో నెలకు డంప్ పాత దొంగ లెక్క కంటే కూడా కిందికి దిగింది. ఈసారి అది నిజం లెక్క.

మీరు చెప్పిన 'సరే సార్' కూడా ఈ పెట్టెల్లాంటిదే. అది ఎదురు తిరగడం అని మీరు అనుకుంటున్నారు. నా అనుభవంలో అది భయం. స్టోర్లో ఎవరైనా ఏదైనా దాస్తున్నారంటే, నిజం చెప్పినవాడికి ఇంతకుముందు ఏం జరిగిందో ముందు కనుక్కోండి.

ఇక పైనుంచి దిగే పద్ధతుల సంగతి. మీ హెడ్ ఆఫీసు పంపిన పలకరింపు స్క్రిప్టు గురించి రాశారు కదా. ప్రతి కస్టమర్‌కూ నవ్వుతూ ఇంగ్లిష్‌లో గుడ్ మార్నింగ్, తర్వాత కంపెనీ పేరు, తర్వాత ఆరోజు ఆఫర్. ఇదే పొరపాటును చాలా పెద్ద వాళ్లు చాలా ఖర్చు పెట్టి చేశారు. వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో వెర్ట్‌కౌఫ్ అనే సంస్థ స్టోర్లు 21 కొని అడుగుపెట్టింది, మరుసటి ఏడాది ఇంటర్‌స్పార్ నుంచి ఇంకో 74 తీసుకుంది. అమెరికాలో పనిచేసిన పద్ధతే అక్కడా పెట్టారు. ఉదయం అందరూ కలిసి కంపెనీ పేరుతో నినాదం, కనబడిన ప్రతి కస్టమర్‌కూ నవ్వు, తోటి ఉద్యోగి తప్పు చేస్తే ఫోన్ చేసి చెప్పే లైను, ఉద్యోగుల మధ్య ప్రేమ వ్యవహారాల మీద ఆంక్ష. మొదట పెట్టిన అధిపతికి జర్మన్ రాదు, మేనేజర్లే ఇంగ్లిష్ మాట్లాడాల్సి వచ్చింది. పరిచయం లేని మనిషి అదేపనిగా నవ్వితే అక్కడి కస్టమర్లకు ఇబ్బందిగా అనిపించింది. ఆ నియమావళిలోని కొన్ని భాగాలు చెల్లవని 2005లో వుప్పర్టాల్ కార్మిక న్యాయస్థానం చెప్పింది. 2006లో మిగిలిన 85 స్టోర్లను మెట్రో అనే జర్మన్ సంస్థకు అమ్మేసి వాల్‌మార్ట్ వెళ్లిపోయింది. ఒక్క నవ్వు వల్లే అలా జరిగిందని నేననను. అక్కడ ఆల్డీ, లిడ్ల్ లాంటి చవక ధరల చైన్లు అప్పటికే పాతుకుపోయి ఉన్నాయి, నష్టంలో పెద్ద వాటా ఆ పోటీదే. కానీ స్టాఫ్ మనసు తమ వైపు లేకుండా ఆ పోటీని తట్టుకోవడం ఎవరి వల్లా కాదు.

మా దగ్గర ఇదే చిన్న రూపంలో జరిగింది. గుంటూరులో ఒక స్టోర్లో యాభై దాటిన క్యాషియర్ ఒకావిడ ఉండేవారు. ఆవిడ కౌంటర్ దగ్గరే పొడుగు క్యూ, పక్క కౌంటర్లు ఖాళీ. "ఏం పిన్నిగారూ, మనవడికి జ్వరం తగ్గిందా?" అంటూనే బిల్లు కొట్టేస్తారు. కొత్త స్క్రిప్టు వచ్చాక, ఆడిట్ మనిషి ఎప్పుడొస్తాడోనన్న భయంతో ఆవిడ ఆ ఇంగ్లిష్ వాక్యాలు అప్పజెప్పడం మొదలుపెట్టారు. పాత కస్టమర్లు బిత్తరపోయారు. నెల తిరిగేసరికి ఆవిడ మాట్లాడటమే మానేశారు. నేను హెడ్ ఆఫీసుతో మూడు వారాలు వాదించి స్క్రిప్టును ఒక్క లైనుకు కుదించాను: తెలిసినవాళ్లను వరసతో పలకరించండి, తెలియనివాళ్లకు నమస్కారం పెట్టండి. ఆడిట్ ఫారంలో కూడా ఆ లైనే మార్పించాను. ఫారంలో మార్చకపోతే మీరు నోటితో ఎంత చెప్పినా వృథా, ఎందుకంటే మార్కులు వేసేది ఫారమే.

కొత్త పని ఒకటి చెప్పేముందు పాత పనులు రెండు తీసేయండి. ఇది చాలామంది ఏరియా మేనేజర్లకు తట్టని విషయం. ఒకసారి ఒక స్టోర్ మేనేజర్ పక్కన కూర్చుని ఆయన ఫోన్ చూశాను. ఆఫీసు వాట్సాప్ గ్రూపులు తొమ్మిది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు లోపల 61 మెసేజ్‌లు. మర్చండైజింగ్ వాళ్లకు ర్యాక్ ఫొటో, మార్కెటింగ్ వాళ్లకు పోస్టర్ ఫొటో, హెచ్‌ఆర్‌కు యూనిఫాం ఫొటో, సెక్యూరిటీకి తాళాల ఫొటో. ఆ మూడు గంటలూ ఆయన ఫ్లోర్ మీద లేడు, కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడు. మీ 11 స్టోర్లలో ఒక్కో స్టోర్ మేనేజర్ రోజుకు ఎన్ని రిపోర్టులు పంపుతున్నాడో ఒక కాగితం మీద రాయించండి. వాటిలో ఎవరూ తెరిచి చూడనివి ఏవో వారం పాటు పంపకుండా ఆపితే తెలిసిపోతుంది. ఎవరూ అడగని వాటిని ఆపేయండి, బాధ్యత మీది అని చెప్పండి. నేను ఆపిన ఐదింటిలో ఒక్కదాని గురించే ఫోన్ వచ్చింది. ఆ ఒక్కటీ మళ్లీ పెట్టాం.

తర్వాతది, నా మనసుకు బాగా దగ్గరగా ఉన్న విషయం. స్టోర్ వాళ్లకు తెలిసిన సంగతిని హెడ్ ఆఫీసు లెక్కలోకి తీసుకునే దారి మీరు వేయాలి. బయటి రాష్ట్రం కంపెనీ అన్నారు కాబట్టి ఇది మీకు తప్పకుండా ఎదురవుతుంది.

మా రెండో యాజమాన్యం వచ్చిన ఏడాది ఇండెంట్, అంటే స్టోర్‌కు కావలసిన సరుకు ఆర్డర్, అంతా కంప్యూటర్ సిస్టమ్ చేతికి వెళ్లింది. గత నాలుగు వారాల అమ్మకం చూసి సరుకు దానంతట అదే డీసీ (కంపెనీ పెద్ద గోడౌన్) నుంచి వచ్చేస్తుంది. కార్తీక మాసం మొదలైంది. ఆశ్వయుజంలో అమ్మిన లెక్కనే గుడ్ల ట్రేలు దిగుతూనే ఉన్నాయి. మన దగ్గర కార్తీకంలో ఎంతమంది గుడ్డు ముట్టుకోరో సెక్షన్ కుర్రాడికి తెలుసు, సిస్టమ్‌కు తెలియదు, ముంబైలో కూర్చున్న ప్లానర్‌కు అసలే తెలియదు. మరోవైపు కొబ్బరికాయలు, అరటిపండ్లు, ఒత్తులు సోమవారం పది గంటలకల్లా అయిపోయాయి. శ్రావణ శుక్రవారాలకు తమలపాకులు, వక్కలు, పువ్వులు, జాకెట్ ముక్కలు. ఉగాదికి వేపపువ్వు, మామిడికాయ, కొత్త చింతపండు. ఇవన్నీ తెలిసిన మనుషులు మన దగ్గరే జీతానికి ఉన్నారు, వాళ్లను ఒక్కమాట అడిగేవాళ్లు లేరు.

జపాన్‌లో సెవెన్ ఎలెవెన్ అనే చిన్న స్టోర్ల చైన్ కథ నాకు అప్పుడు చాలా పనికొచ్చింది. టోక్యోలో 1974లో మొదటి స్టోర్ తెరిచిన ఆ సంస్థను తొషిఫుమి సుజుకి ఒక పద్ధతి మీద నిలబెట్టాడు. రేపు ఏ వస్తువు ఎన్ని కావాలో స్టోర్లోనే నిర్ణయిస్తారు, అదీ తరచుగా పార్ట్‌టైమ్‌కు వచ్చే కాలేజీ పిల్లలూ గృహిణులూ. రేపు వాన పడుతుందా, పక్క బడిలో ఆటల పోటీ ఉందా అని చూసి, అన్నం ముద్దలు ఇన్ని కావాలని అంచనా వేసి ఆర్డర్ పెడతారు. మర్నాడు ఆ అంచనా నిజమైందో లేదో లెక్కల్లో వాళ్లే చూసుకుంటారు. ఇది చూపించి నేను ఒక చిన్న అనుమతి తెచ్చుకున్నాను. కూరగాయలు, గుడ్లు, పూజా సామాను, ఈ మూడింటి ఇండెంట్‌ను సెక్షన్ మనిషి ఇరవై శాతం వరకు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, కారణం ఒక్క లైను రాయాలి. ఏలూరు అమ్మాయి ఒకామె మొదటి వారం రాసిన కారణం నాకింకా గుర్తుంది: 'ఎల్లుండి మా వీధిలో రెండు పెళ్లిళ్లు.' ఆమె పెంచమన్న నిమ్మకాయలన్నీ ఆ రోజే అయిపోయాయి. ఆమె నడకే మారిపోయింది. అంతకుముందు ఆమె ర్యాకు సర్దేది, ఆ తర్వాత ఆ సెక్షన్ నడిపింది.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. పదకొండింటిలోనూ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల ఒక్కో స్టోర్‌లో ఒక పూర్తి రోజు గడపండి, ఓపెనింగ్ నుంచి రాత్రి క్యాష్ లెక్క సరిచూసే దాకా. లాప్‌టాప్ కారులో వదిలేయండి. మధ్యాహ్నం స్టాఫ్ ఎక్కడ కూర్చుని క్యారేజీ విప్పుతున్నారో చూడండి, వాళ్లతోనే తినండి. టాయిలెట్ చూడండి. అమెరికాలో బెస్ట్ బై అనే ఎలక్ట్రానిక్స్ చైన్ మునిగిపోతుందని అందరూ అనుకుంటున్న 2012లో సీఈఓగా వచ్చిన ఉబెర్ జోలీ మొదటి రోజుల్ని మినెసోటాలోని సెయింట్ క్లౌడ్ స్టోర్‌లో, అక్కడి స్టాఫ్ వేసుకునే నీలం చొక్కా వేసుకుని గడిపాడు. కంపెనీ వెబ్‌సైట్‌లో వెతుకులాట సరిగా పనిచేయడం లేదని ఆయనకు స్టోర్ వాళ్లే చెప్పారు. ఉద్యోగులకిచ్చే డిస్కౌంట్ కోసేయడం ఎంత గాయం చేసిందో కూడా అక్కడే తెలిసింది. ఆ డిస్కౌంట్‌ను తిరిగి ఇచ్చాడు. ఏ కన్సల్టెంట్ రిపోర్టు ఇవ్వని నమ్మకం ఆ ఒక్క పని ఇస్తుంది.

మీ చేతిలో డిస్కౌంట్ లేకపోవచ్చు, స్టూలు ఉంటుంది. బిల్లింగ్ కౌంటర్లలో తొమ్మిది గంటలు నిలబడే ఆడవాళ్లకు నేను స్టూళ్లు వేయించాను. కస్టమర్ ముందు కూర్చుంటే మర్యాద కాదని పైనుంచి అభ్యంతరం వచ్చింది. అప్పటికి కేరళ 2018లో షాపు ఉద్యోగులకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది, 2021లో తమిళనాడూ చేర్చింది. ఆ కాగితాలు చూపిస్తే ఒప్పుకున్నారు. ఆరునెలలుగా నేను చెబుతున్న క్యాష్ కౌంటర్ క్రమశిక్షణను ఆ స్టూళ్లు వచ్చిన వారంలో వాళ్లే పాటించడం మొదలుపెట్టారు. నేనేమీ గుర్తు చేయలేదు.

రెండో నెల రెండు స్టోర్లు ఎంచుకోండి. బాగా నడిచేది వద్దు, మరీ చితికిపోయింది వద్దు. మధ్యస్థంగా ఉండి, మేనేజర్‌కు ఉత్సాహం ఉన్నది కావాలి. బ్రిటన్‌లో ఆస్డా అనే సూపర్‌మార్కెట్ చైన్ దివాలా అంచున ఉన్నప్పుడు, 1991 డిసెంబరులో సీఈఓగా వచ్చిన ఆర్చీ నార్మన్ ఇలాగే చేశాడు. ముందు కొన్ని స్టోర్లను ప్రయోగానికి వదిలాడు, అక్కడ తప్పు జరిగినా శిక్ష లేదు. అది కుదిరాక, మిగతా స్టోర్లలో ఒక్కొక్కటీ 'డ్రైవింగ్ టెస్ట్' పాసయితేనే కొత్తగా తీర్చిదిద్దడానికి డబ్బు ఇచ్చాడు. మేనేజరూ జట్టూ పని తీరు మార్చుకున్నారని చూపించాలి, అప్పుడే కొత్త లైట్లూ ర్యాకులూ. స్టాఫ్ ఎవరైనా నేరుగా తనకు సూచన రాయడానికి 'టెల్ ఆర్చీ' అని పెట్టాడు. 1999లో వాల్‌మార్ట్ ఆ కంపెనీని 6.7 బిలియన్ పౌండ్లకు కొన్నది.

దీనికి ఎదురు కథ అమెరికాలో బట్టలూ ఇంటి సామానూ అమ్మే జేసీ పెన్నీ చైన్‌ది. యాపిల్ స్టోర్లకు పేరు తెచ్చిన రాన్ జాన్సన్ 2011 చివర్లో అక్కడికి సీఈఓగా వచ్చాడు. కూపన్లకూ సేల్స్‌కూ అలవాటు పడ్డ కస్టమర్లున్న చైన్‌లో 2012 ఫిబ్రవరిలో వాటిని ఒక్కసారిగా ఎత్తేశాడు. ముందు పది స్టోర్లలో పెట్టి చూద్దామన్న ఆలోచనే లేదు. ఆ ఏడాది అమ్మకాలు పావు వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో ఆయన్ని పంపించేశారు. తెలివైనవాడే, స్టోర్ అందం తెలిసినవాడే. కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లను అడిగి ఉంటే ఆ కూపన్ కత్తిరించుకుని రావడం అక్కడికొచ్చే ఆడవాళ్లకు ఎంత సంతోషమో చెప్పేవాళ్లు.

ఇంకో సంగతి. ప్రతి స్టోర్లో మేనేజర్ కాకుండా ఇంకొకరుంటారు, అందరూ ఆ మనిషి ముఖం చూసి నడుచుకుంటారు. నేను చూసినంతలో గోడౌన్ ఇన్‌చార్జో, సీనియర్ క్యాషియరో. కొత్త రూలు వచ్చిందని బ్రీఫింగ్‌లో చెప్పగానే మిగతా వాళ్ల కళ్లు ఎటు తిరుగుతాయో గమనించండి, తెలిసిపోతుంది. ఆ మనిషికి రూలు ఒక రోజు ముందే చెప్పండి, ఏం తేడా కొడుతుందో అడగండి. వాళ్లు చెప్పిన రెండు మార్పుల్లో ఒకటైనా చేయండి.

మనుషుల్ని మార్చకండి అని పైన అన్నాను, దానికి ఒక మినహాయింపు ఉంది. డబ్బు తినేవాణ్ని, ఆడపిల్లల్ని ఇబ్బంది పెట్టేవాణ్ని మొదటి వారంలోనే పంపండి. ఈ విషయంలో నేను తప్పు చేశాను. నా స్టోర్లలో సేల్స్‌లో ముందున్న ఒక మేనేజర్, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర డబ్బు తీసుకుని వాళ్ల సరుకు ముందు వరసలో పెట్టిస్తున్నాడని నాకు తెలుసు. ఆధారం గట్టిగా దొరకాలని, పండగ సీజన్ దాటాలని ఎనిమిది నెలలు నాన్చాను. ఆ ఎనిమిది నెలలూ నేను బ్రీఫింగుల్లో నిజాయితీ గురించి మాట్లాడుతుంటే స్టాఫ్ తల వంచుకుని వినేవాళ్లు. వాళ్లందరికీ తెలుసు, నాకు తెలుసన్న సంగతి కూడా తెలుసు. అతన్ని పంపాక కూడా ఆ స్టోర్లో నా మాటకు విలువ రావడానికి ఏడాది పట్టింది. ఆర్చీ నార్మన్ కూడా మెత్తని మనిషి కాదు. వచ్చిన రోజునే ఫైనాన్స్ అధిపతిని పంపించాడు, పై నుంచి కింద దాకా జీతాలు పెరగకుండా ఆపాడు. ఆ కట్టడి మేనేజర్లకూ వర్తించింది కాబట్టే కింది వాళ్లు తర్వాతి మాటలు విన్నారు.

ఇంకో హెచ్చరిక కూడా ఇవ్వాలి. కంపెనీలో డబ్బే లేకపోతే నేను చెప్పినవేవీ పనిచేయవు. సుభిక్ష అనే చవక ధరల కిరాణా చైన్ దేశమంతా సుమారు 1,600 స్టోర్ల దాకా పెరిగి, 2009 నాటికి చేతిలో నగదు లేక మూతపడింది. సరుకు సప్లై చేసినవాళ్లకూ, స్టాఫ్‌కూ డబ్బు అందని చోట ఏ ఏరియా మేనేజరూ ఏమీ చేయలేడు. మీ స్టోర్లలో ర్యాకులు ఖాళీగా ఉండటానికి కారణం డిస్ట్రిబ్యూటర్ల బకాయిలైతే, ముందు ఆ మాటే రాతపూర్వకంగా పైకి పంపండి.

ఆరు నెలలకు హెడ్ ఆఫీసుకు ఏం చూపించాలి? కల్చర్ మారిందని చూపించలేరు. మొదటి రెండు నెలలు డంప్, స్టాక్ తేడాలు పెరుగుతాయని ఇప్పుడే చెప్పి పెట్టండి, తర్వాత చెప్తే సాకులా ఉంటుంది. ఆరో నెలలో మీరు చూపించగలిగేవి ఇవి: ఉద్యోగం మానేసేవాళ్లు తగ్గడం, చెప్పకుండా సెలవు పెట్టేవాళ్లు తగ్గడం, సిస్టమ్‌లో ఉన్న స్టాకూ ర్యాకులో ఉన్న స్టాకూ దగ్గరపడటం. ఈ మూడూ ఈ వారమే లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. మొదలు ఎక్కడో రాసుకోని వాళ్ల మాట మీటింగులో నిలబడదు.

ఇక ఫొటో. ఆఫీసు గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన పాత యజమాని ఫొటో ఉందని, వెంటనే తీసేయమని మెయిల్ వచ్చిందని రాశారు. మాకూ వచ్చింది. ఒక స్టోర్లో మేనేజర్ అదే రోజు తీసి గోడౌన్లో పెట్టించాడు. దాని మీద ఎవరో అట్టపెట్టెలు వేశారు, అద్దం పగిలింది. ఆ ఒక్క సంగతి అన్ని స్టోర్లకూ పాకి, నెల రోజులు ఎవరూ మాతో ముఖం ఇచ్చి మాట్లాడలేదు. పెళ్లికి అప్పు ఇచ్చిన మనిషి, ఆస్పత్రి బిల్లు కట్టిన మనిషి ఆయన వాళ్లకు. మిగతా స్టోర్లలో ఒక శుక్రవారం ఉదయం పూజ అయ్యాక, అందరూ ఉండగా, అక్కడ అందరికంటే పాత ఉద్యోగి చేతనే ఫొటో దింపించి, ఇంటికి తీసుకెళ్లమని ఆయనకే ఇచ్చాం. ఒకచోట ఒక పెద్దాయన కొత్త తువ్వాలు తెప్పించుకుని, అందులో చుట్టి, లూనా ముందు పెట్టుకుని వెళ్లాడు. మెయిల్‌కు రెండు వారాలు టైమ్ అడగండి, ఇస్తారు.